సూదీ, నీకో దండం

నిన్ను పొగడాలనే కూర్చున్నాను, స్టెరాయిడ్ సూదీ. చౌటుప్పల్ చుట్టుపక్కల పల్లెల్లో ఇరవై ఏళ్లుగా పిల్లలకు కబడ్డీ నేర్పుతున్నవాణ్ణి. నీ గొప్పతనం దగ్గరుండి చూశాను. అబద్ధం ఒక్కటీ రాయను, ఉన్న గుణాలే చెబుతాను.

అన్నిటికన్నా ముందు, నువ్వు మాట తప్పవు. కండ ఇస్తానంటావు, ఇస్తావు. టెస్టోస్టిరాన్ అనో, నాండ్రొలోన్ అనో, స్టానొజొలోల్ అనో ఏ పేరుతో వచ్చినా నీ పని నువ్వు చేస్తావు. పొద్దున ఐదింటికి లేపి, చెరువు కట్ట మీద ఉరికించి, జొన్నరొట్టె, గుడ్డు పెట్టి మేము రెండేళ్లకు తెచ్చే తొడల్ని నువ్వు పన్నెండు వారాల్లో తెస్తావు. చొక్కా చేతులు బిగుసుకుంటాయి. దోస్తులు ఫొటోలు తీస్తారు. ఇంట్లో తల్లి కూడా మురుస్తుంది, కొడుకు ఒళ్లు చేశాడని. ఇన్నేళ్లలో ఏ కోచ్ ఇవ్వలేని ఆనందం ఇది.

నీ రెండో గుణం, నువ్వు ఇస్తానన్నదే ఇస్తావు. మోకాలు ఇస్తానని నువ్వు ఎవరికీ చెప్పలేదు. కండను ఎముకకు కట్టి ఉంచే తాడు ఒకటి ఉంటుంది. డాక్టర్లు టెండన్ అంటారు, మా ఊళ్లో నరం అనేస్తారు. దానికి రక్తం తక్కువ అందుతుంది, బలపడటానికి నెలలు, ఏళ్లు పడుతుంది. కండ ఉరుకుతుంటే అది నడుస్తుంది. పైగా నీ వల్ల ఆ తాడు బిరుసెక్కి, సాగే గుణం తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. మా రైతులకైతే ఇంత వివరం అక్కర్లేదు. కోడె బలిసింది, గుంజకు కట్టిన పలుపు మాత్రం దూడప్పటిదే. ఒక్క విదిలింపు చాలు.

ఆ విదిలింపు నా కళ్లముందే జరిగింది. సంక్రాంతి పోటీలు. నీళ్లు చల్లి తొక్కిన ఎర్రమట్టి బరి, సున్నం గీతలు, నాలుగు మూలలా ఫ్లడ్‌లైట్లు, మైకులో ఆపకుండా పేర్లు. మా కుర్రాడు కూతకు వెళ్లాడు. బోనస్ గీత దాటి కాలు చాపాడు. కార్నర్‌లో ఉన్న పిల్లవాడు వంగి మడమ పట్టాడు. మంచి పట్టు, ఎవరు చూసినా మెచ్చుకునే పట్టు. మా వాడు ఇదివరకైతే అక్కడే కూలబడి పాయింటు ఇచ్చేవాడు. ఆ రోజు పడలేదు. తొడ బలం చూసుకుని గీత వైపు గుంజాడు. ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడు. కూత ఆగిపోయింది. నేను పరుగెత్తి వెళ్లేసరికి మోకాలి చిప్ప ఉండాల్సిన చోట గుంట పడింది, చిప్ప పైకి, తొడలోకి జరిగి కనిపించింది. కింద పట్టి ఉంచే తాడు తెగితే అలాగే అవుతుంది, తొడ కండ దాన్ని పైకి లాగేసుకుంటుంది. పండగకు ఊళ్లకు పోయే కార్లు పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరి ఉంటే, మేము ఎదురుదారిలో వాణ్ణి నగరానికి తీసుకెళ్లాం.

వాడి బట్టల సంచి నా ఒళ్లో ఉంది. తువ్వాలులో చుట్టి నూనెలాంటి మందు సీసాలు రెండు, సూదులు మూడు. అడిగాను. "ఏం గాదు అన్నరు సార్, అందరు ఏస్కుంటున్నరు" అన్నాడు. కాలు నొప్పికి కాదు, నాకు దొరికిపోయినందుకు ఏడ్చాడు.

ఒక్క మోకాలిని చూపించి నీ మీద నేరం మోపను. ఏ మందూ వాడని ఆటగాళ్లకూ ఆ తాడు తెగుతుంది. అందుకని లెక్కలు చూశాను. అమెరికాలో బాడీబిల్డర్ల మీద చేసిన అధ్యయనం ఒకటి 2015లో అచ్చయింది. నిన్ను వాడిన 88 మందిలో 19 మందికి ఎప్పుడో ఒకప్పుడు టెండన్ తెగింది, వాడని 54 మందిలో ముగ్గురికి. అంటే 22 శాతం, 6 శాతం. వాళ్లు ఇనుముతో తలపడేవాళ్లు, మనుషులతో కాదు. మనుషులతో తలపడేవాళ్ల లెక్క 2009లో వచ్చింది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి రిటైరైన 2,552 మందిని అడిగితే 9 శాతం మంది నిన్ను వాడామని ఒప్పుకున్నారు. వాళ్లలో వెన్నుపూసల మధ్య డిస్కు జారడం, మోకాలి లిగమెంట్లు దెబ్బతినడం లాంటి కీళ్ల గాయాలు మిగతావాళ్లకంటే ఎక్కువ. గాయం తగిలాక త్వరగా కోలుకోవాలని నిన్ను పట్టుకున్నవాళ్లూ అందులో ఉండొచ్చు, ఆ మేరకు నీకు మినహాయింపు ఇస్తాను. కానీ ఆ దెబ్బతిన్న మోకాళ్లకు ఆ మినహాయింపుతో పనిలేదు.

నీ దానగుణం గురించి చెప్పకపోతే స్తుతి పూర్తికాదు. బరువులెత్తే ఆటలో నువ్వు తెచ్చే నష్టం వాడినవాడి ఒంటితోనే ఆగుతుంది. కబడ్డీలో, కుస్తీలో, బాక్సింగ్‌లో నువ్వు ఎదుటివాడికీ పంచుతావు. మందు బలంతో గుద్ది నెట్టే డ్యాష్ ఎవరికి తగులుతుంది? ఏమీ వేసుకోని పిల్లవాడి పక్కటెముకకు. ఆ సంక్రాంతినాడు మడమ పట్టిన కార్నర్ కుర్రాడికి పదిహేడేళ్లు. ఆ తర్వాత నెల రోజులు వాడు బరి వైపు రాలేదు. ఇంటికి వెళ్లి అడిగితే తల వంచుకుని "నేనే ఇరగ్గొట్టిన సార్" అన్నాడు. నేను నేర్పిన పట్టే అది. తప్పు లేని పట్టు. సంచిలో సీసాలున్న సంగతి వాడికి చెప్పాలా వద్దా అని వారం రోజులు నలిగి, చివరికి చెప్పాను. వాడు మళ్లీ ఆడుతున్నాడు కానీ మడమ మాత్రం పట్టడు.

నీకు తోబుట్టువులూ ఉన్నారు, వాళ్లకూ దండం. ఆపరేషన్ బల్ల మీద మత్తుమందుకు బీపీ పడిపోయిన రోగిని నిలబెట్టడానికి వాడేది మెఫెంటర్మిన్. ఎంత మేలు చేసే మందో! అదే ఇప్పుడు జిమ్ములకు చేరింది, హైదరాబాద్‌లో అధికారులు దాడి చేసి పట్టుకుంటూనే ఉన్నారు. అది వేసుకున్నవాడికి అలుపు తెలియదు. అలుపనేది ఒళ్లు చెప్పే మాట. ఆ మాట వినపడకపోతే ఆరో కూతకు, ఏడో కూతకు కాలు ఎక్కడ పడుతుందో తెలియదు, గుండె ఎంత కొట్టుకుంటుందో తెలియదు. ఇక సీనియర్ కబడ్డీలో మగవాళ్ల బరువు 85 కిలోలు దాటకూడదు కాబట్టి, నువ్వు పెంచిన బరువును తూకం రోజున దించడానికి ఒంట్లో నీళ్లు తీసే మాత్ర. అదీ డోపింగ్ నిషేధిత జాబితాలోదే.

ఈ నేలను ఎంచుకున్నందుకు నిన్ను ప్రత్యేకంగా తలుచుకోవాలి. మునుగోడు, చౌటుప్పల్ పల్లెలకు ఎముక విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ముప్పై ఏళ్లకే నడుములు వంగిన మనుషుల మధ్య పెరిగాం. ఇంటింటికీ నల్లా నీళ్ల పథకానికి 2015లో పైలాన్ లేచింది చౌటుప్పల్‌లోనే. ఎముక నిటారుగా ఉండటానికి రెండు మూడు తరాలు కొట్లాడిన చోటు ఇది. అలాంటి చోట, ఎదుగుతున్న పిల్లవాడి ఎముకల చివర్లను నువ్వు ముందే మూసేస్తావు, ఇక వాడు ఎత్తు పెరగడు. నీళ్లు మాకు తెలియకుండా చేసిన పనిని నువ్వు మా చేతనే, మా డబ్బులతోనే చేయిస్తావు.

ఇంకో మాట. మా చౌటుప్పల్ రోడ్డు పొడవునా మందుల కంపెనీలున్నాయి. మా ఊరి పిల్లలు ఎందరో షిఫ్టుల్లో అక్కడే పని చేస్తారు. పరీక్ష కాకుండా బ్యాచ్ గేటు దాటదని, నంబరు లేని సరుకు సరుకే కాదని వాళ్లకు బాగా తెలుసు. అలాంటి పిల్లవాడే డ్యూటీ దిగి వచ్చి, బ్యాచ్ నంబరు లేని సీసాను, చీటీ అడగని చేతుల్లోంచి తీసుకుని తొడకు పొడుచుకుంటాడు. అంత నమ్మకం సంపాదించుకున్నావు.

దేశానికి పేరు కూడా తెచ్చావు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2024 లెక్కల్లో భారత్ నుంచి 7,113 నమూనాలు పరీక్షిస్తే 260లో నిషేధిత మందులు దొరికాయి. వరుసగా మూడో ఏడు మొదటి స్థానం మనదే. ఒలింపిక్ పతకాల పట్టికలో ఎక్కడున్నా ఈ పట్టికలో మనల్ని పైన కూర్చోబెట్టింది నువ్వే. దొరికినవాళ్లలో అథ్లెట్లు, వెయిట్‌లిఫ్టర్ల తర్వాత మల్లయోధులే ఎక్కువ. కావాలని వాడినట్టు తేలితే నాలుగేళ్ల నిషేధం. కబడ్డీ ఆటగాడికి నాలుగేళ్లంటే ఆట అయిపోయినట్టే. మా సంక్రాంతి బరికి మాత్రం మూత్రం సీసా పట్టుకుని ఎవరూ రారు. అక్కడ పరీక్ష చేసేది మోకాలే.

నిన్ను నమ్మనివాళ్లు ఆలస్యంగా వస్తారు, నిజమే. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2017లో భుజం గాయమై దాదాపు ఏడాది రింగుకు దూరమైంది. ఆ కాలమంతా ఓర్చుకుంది. 2022లో, 2023లో బాక్సింగ్‌లో ప్రపంచ విజేత అయింది. మా పిల్లలకు ఈ కథ చెబితే "ఏడాదా సార్?" అంటారు. ఏడాదే బిడ్డా. మన వాడికి మోకాలు కుట్టించి ఇప్పటికి ఏడాదిన్నర దాటింది. మెట్లు దిగేటప్పుడు ఇంకా గోడ పట్టుకుంటాడు.

సూదీ, నీతో నా మాటలు అయిపోయాయి. ఇక ఊరివాళ్లతో. పోటీలు పెట్టే అన్నలారా, బహుమతి సొమ్ములో కొంత తీసి బరి పక్కన ఒక డాక్టరును కూర్చోబెట్టండి. మందుల షాపు నడిపే తమ్ముళ్లారా, చీటీ లేకుండా సీసా ఇవ్వకండి. అమ్మలారా, ఈ పండక్కి పిల్లవాడు బరిలోకి దిగకముందే వాడి సంచి ఒకసారి విప్పి చూడండి. సీసా కనబడితే కొట్టకండి, నలుగురిలో అరవకండి. అలవాటైన ఒంటికి మందు ఒక్కసారిగా ఆగిపోతే మనసు కుంగిపోతుంది. చేయి పట్టుకుని దవాఖానాకు తీసుకుపోండి, ఆ సీసా కూడా వెంట తీసుకుపోయి డాక్టరుకు చూపించండి.