డిసెంబరు చుట్టాలకు మార్గదర్శిని

విమానం ఎక్కేముందు చేయవలసిన మొదటి పని, ఊరు మీరు వదిలి వెళ్ళిననాడు ఎలా ఉందో గట్టిగా గుర్తు తెచ్చుకుని, ఇప్పటికీ అలాగే ఉండి తీరుతుందని నిశ్చయించుకోవడం. సాక్ష్యం కావాలంటే సొరుగులో దాచిన పాత పర్సు తీయండి. అందులో వెయ్యి నోట్లు ఉంటాయి. 2016 నవంబరులో అవి చెల్లకుండా పోయాయని మీకూ తెలుసు, వార్తల్లో చూశారు. అయితే వార్తల్లో చెప్పినవన్నీ మన పర్సుకి వర్తించాలని ఎక్కడుంది? పక్కనున్న రెండువేల నోటు కిందటిసారి వచ్చినప్పుడు మిగిలింది. దాన్ని కూడా రిజర్వు బ్యాంకు 2023లో వెనక్కి పిలిచింది. ఫరవాలేదు, తెచ్చుకోండి. పిల్లలు ఆడుకుంటారు.

నేను ఉండేది హైదరాబాదులో. కారుంది, కాదనలేని మొహమాటముంది. అందుకని ఏటా డిసెంబరులో దిగే బావలకి, మరదళ్ళకి, మేనల్లుళ్ళకి ఊళ్ళు చూపించే ఉద్యోగం నాకు పడింది. జీతం బత్తెం లేని ఆ అనుభవంతోనే ఈ నాలుగు ముక్కలూ చెబుతున్నాను.

శంషాబాదులో దిగీ దిగగానే "బేగంపేట అయితే ఇంటికి పావుగంట" అనాలి. విమానాలు ఇటు మారింది 2008 మార్చిలో. అయినా అనాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి జోరందుకోగానే "ఇది అచ్చం అక్కడిలాగే ఉందే" అని కాస్త దిగాలుపడాలి. లోపలి రోడ్డు మీద మొదటి గుంట తగలగానే "ఈ దేశం ఇక మారదు" అని ఇంకాస్త దిగాలుపడాలి. రోడ్డు బాగుంటే మన ఊరు పోయిందని బాధ, బాగాలేకపోతే బాగుపడలేదని బాధ. రెండింటికీ సిద్ధపడి వస్తే తిరుగు ప్రయాణం దాకా ఢోకా ఉండదు.

జిల్లా పేరు మాత్రం జాగ్రత్త. "మాది గుంటూరు జిల్లా" అని ఇన్నేళ్ళూ న్యూజెర్సీలో చెప్పుకున్నారు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాక మీ ఊరు పల్నాడులోకో, బాపట్లలోకో వెళ్ళిపోయి ఉండవచ్చు. మీరు సముద్రాలు దాటి వెళ్ళారు సరే, ఊరు ఉన్నచోటు నుంచి అంగుళం కదలకుండా వలస పోయింది. దీని మీద తహసీల్దారు ఆఫీసులో వాదన పెట్టుకోకండి. వాళ్ళకి వేరే పనులున్నాయి.

ఇక చార్మినార్. 1591 నాటి కట్టడం ముందు నిలబడి "ఇదొక్కటే మారలేదు" అని నిట్టూర్చే అవకాశం ఎవరికైనా ఉచితమే. అసలు పరీక్ష పక్కనే ఉన్న ఇరానీ చాయ్ దుకాణంలో. మీరు ఐదువందల నోటు చాపుతారు. గల్లా దగ్గరి కుర్రాడు నోటుని, మిమ్మల్ని మార్చి మార్చి చూసి, బిస్కెట్ల సీసాకి అతికించిన క్యూఆర్ కోడ్ వైపు గడ్డంతో చూపిస్తాడు. మీ ఫోనులో డబ్బులు పంపే యాప్‌లు అరడజను ఉన్నాయి. ఒక్కటి కూడా ఆ నలుపు తెలుపు గళ్ళతో మాట కలపదు. కొత్తది వేసుకుందామంటే ఓటీపీ అడుగుతుంది. ఆ ఓటీపీ మీరు ఎప్పుడో వదిలేసిన పాత నంబరుకి, అంటే ఇప్పుడు అది ఎవరి దగ్గరుందో వారికి, భద్రంగా చేరుతుంది. ఇంతలో లాడ్ బజార్‌లో గాజుల బేరం ముగించుకొచ్చిన పెద్దావిడ "జరా హటో బేటా" అని చెయ్యి చాపి, టింగుమనిపించి, రెండు చాయ్‌లూ ఉస్మానియా బిస్కెట్లూ అందుకుని వెళ్ళిపోతుంది. అప్పుడు మీ వెనకున్నవాడు, అనగా నేను, ఫోను తీస్తాను. "రాసి ఉంచు బావా, లెక్కంతా ఒకేసారి ఇచ్చేస్తా" అనండి. ఆ లెక్క ఎక్కడా రాయరని ఇద్దరికీ తెలుసు. మర్యాద మర్యాదే.

గోల్కొండలో మీ దేశభక్తికి ధర కూడా కట్టి పెట్టారు. టికెట్ల కిటికీ దగ్గర రెండు రేట్లు కనిపిస్తాయి: భారతీయులకి 25 రూపాయలు, విదేశీయులకి 300. పొద్దుట్నించి ప్రతిదాన్నీ డాలర్లలోకి మార్చి "ఇంతేనా" అంటూ వచ్చిన మీకు, ఆ బోర్డు చూడగానే మాతృభాష తన్నుకొస్తుంది. ఓసీఐ కార్డున్నవారికి 25 రూపాయల రేటే వర్తిస్తుంది, అందులో అధర్మం ఏమీ లేదు. కాకపోతే ఆ కార్డు ఇంట్లో బీరువాలో, అమ్మ పట్టుచీరల కింద ఉంటుంది. కనుక షార్ట్స్ కనిపించకుండా కిటికీకి బాగా దగ్గరగా నిలబడి, "నాలుగు టికెట్లు ఇయ్యన్నా" అని చక్కటి హైదరాబాదు యాసలో అడగండి. సరిగ్గా అప్పుడే మీ రెండోవాడు "డాడ్, ఆర్ వి ఫారినర్స్?" అని అందరికీ వినపడేలా అడుగుతాడు. మంచి ప్రశ్నే, కానీ జవాబు టికెట్లు చేతికొచ్చాక చెప్పండి.

లోపల ఫతే దర్వాజా కింద చప్పట్లు కొట్టడం ఆచారం. అక్కడ కొడితే దాదాపు కిలోమీటరు దూరాన, కొండ మీద ఉన్న బాలాహిసార్‌లో వినిపిస్తుంది. శత్రువు వస్తే పైకి కబురందాలని చేసిన ఏర్పాటు. డిసెంబరు సెలవుల్లో వందమంది ఒకేసారి కొడుతుంటారు కాబట్టి ఏ చప్పట్లు ఎవరివో పైవాళ్ళకి తేలదు. దండయాత్రకి రావాలనుకునే శత్రువులకి ఇదే మంచి సీజను. మెట్లెక్కుతూ ఆయాసం మధ్యలో నన్నడగండి: "ఇక్కడే ఉంటూ ఇది మళ్ళీ మళ్ళీ చూడాలనిపించదా?" ఎందుకనిపిస్తుంది? మీరొస్తేనే కదా మేం వచ్చేది.

సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం పెట్టుకోండి. ఆ రోజు సెలవు. గేటు ముందు నిలబడి ఇక్కడి పద్ధతుల మీద మాట్లాడటానికి తీరిక దొరుకుతుంది. వేరే రోజు వెళ్ళాల్సి వస్తే గంట కొట్టే వేళకి పాటల గడియారం ముందు కూర్చోండి. బొమ్మ బయటికొచ్చి గంట మోగిస్తుంది. జనమంతా ఫోన్లెత్తుతారు, ముందు వరస ఆయన ఫోను తెరలో మీరు గడియారం చూస్తారు. "మా చిన్నప్పుడు ఇంతకంటే పెద్దగా ఉండేది" అనడం మరవకండి. నిజమే. నాన్న భుజాల మీద కూర్చుని చూసింది ఏదైనా పెద్దగానే ఉంటుంది.

రామప్పకి వెళితే 1213 నాటి ఆ గుడిని పక్కనపెట్టి, నీళ్ళలో తేలే ఇటుక గురించి గైడుతో వాదన వేసుకోండి. మీరు ఇంజనీరు కదా. 2021లో యునెస్కో మిమ్మల్ని అడక్కుండానే గుర్తింపు ఇచ్చేసింది.

గండికోటకి మాత్రం ఫోనులో అరిజోనా ఫొటోలు సిద్ధం చేసుకుని వెళ్ళాలి. దీన్ని ఇండియా గ్రాండ్ కాన్యన్ అనడం మీ చెవిన పడిందే చాలు, పెన్నా లోయ అంచున నిలబడి అసలుది ఎంత లోతో, ఎన్ని మైళ్ళో ఒప్పజెప్పండి. కిందటేడు మా బావ ఇదే పని చేస్తుంటే, మొక్కజొన్న కంకులు కాల్చే కుర్రాడు ఆ ఫొటోలన్నీ ఓపికగా చూసి, వెనకనున్న మాధవరాయ స్వామి గోపురాన్నీ జామియా మసీదునీ ధాన్యాగారాన్నీ ఒకసారి చూసి, "బాగుంది సార్. ఆడ కోట ఉండాదా?" అన్నాడు. బావ కంకి కొన్నాడు. డబ్బులు నేనే కొట్టాను.

చివరగా అమరావతి. దారి చూపే యాప్‌లో ఉత్త పేరు కొడితే అది రాజధాని వైపు తీసుకెళ్ళే ప్రమాదముంది, స్తూపం ఉన్న పాత అమరావతి అని విడమరిచి చెప్పాలి. తీరా వెళితే అక్కడ మిగిలింది గుండ్రటి దిబ్బ, కొన్ని నిలువు రాళ్ళు, పక్కన చిన్న మ్యూజియం. లండన్ నుంచి వచ్చిన మా మేనల్లుడు దిబ్బ చుట్టూ ఒకసారి తిరిగి, బ్రిటిష్ మ్యూజియంలో తీసిన ఫొటోలు చూపించాడు. గాజు గోడల వెనక, తేమ కూడా కొలిచి పెట్టిన చల్లటి గదిలో, మన పల్నాటి సున్నపురాయి. వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వించి మద్రాసు పంపిన రాళ్ళు 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. అంటే మావైపు నుంచి వెళ్ళి పరాయిదేశంలో స్థిరపడ్డ మొదటి బ్యాచీలలో ఇదొకటన్నమాట. ఇన్నేళ్ళలో ఒక్క డిసెంబరుకైనా ఇటు తొంగిచూసిన పాపాన పోలేదు.

"అక్కడ ఎంత బాగా పెట్టారో చూడాలి మామయ్యా. టికెట్టు కూడా లేదు, ఊరికే వెళ్ళి చూడొచ్చు. నువ్వు తప్పకుండా రావాలి" అన్నాడు వాడు. ఇలాంటి పిలుపులు మీరూ ధారాళంగా పిలవండి. కాకపోతే వచ్చేటప్పుడు చాక్లెట్లకి బదులు స్పాన్సర్ లెటరూ మీ బ్యాంకు స్టేట్‌మెంట్లూ పట్టుకురండి. టికెట్టు లేని ఆ గుమ్మం దాకా రావడానికి మాకు వీసా కావాలి.