దయ్యం పడవవాణ్ణే తింటుందేం?

ఇక బంగాళాఖాతానికి ఢోకా లేదు. హారర్ కథకులు నడుం కట్టారు.

ఒక్కో కథా చదువుతున్నాను. చదవక తప్పని ఉద్యోగం నాది. అమావాస్య. గాలి ఆగిపోతుంది. వల బరువెక్కుతుంది. లాగే చేతుల్ని కిందనుంచి ఇంకేదో లాగుతుంది. తెల్లారేసరికి ఖాళీ పడవ ఒడ్డుకు కొట్టుకొస్తుంది. చివరి పేజీలో చిన్న అక్షరాలతో ఓ ప్రకటన: ఈ పుస్తకం మీద వచ్చే ఆదాయం సముద్ర జీవుల రక్షణకు. చదివినవాడు జడుసుకుంటాడట. ఆ జడుపులో ప్లాస్టిక్ సంచి పారేయడం మానేస్తాడట. ఇన్నాళ్ళూ అటవీశాఖ, మత్స్యశాఖ అంటూ జీతాలు దండగ చేశాం. మంచి భూతవైద్యుణ్ణి పెట్టుకుంటే సరిపోయేది.

తెలుగువాడికి భయం కొత్తా? తులసిదళం చదివి లైటు ఆర్పకుండా పడుకున్న తరం మాది. దానివల్ల ఊళ్ళలో చేతబడి అనుమానాలు తగ్గాయా? తగ్గాయని చెప్పేవాడెవడైనా ఉంటే రమ్మనండి, వాడికి శాలువా కప్పుతాను.

సరే, దయ్యాలున్నాయనే అనుకుందాం. నా గొడవ వాటి తిండి గురించి. నేను చదివిన కథల్లో పోయినవాళ్ళంతా పల్లెకారులే. వాడరేవువాడో, నిజాంపట్నంవాడో, కొత్తపట్నంవాడో. లుంగీ, బీడీ, పాత వల, ఇంట్లో గర్భిణి భార్య. సముద్రానికి ద్రోహం చేసిన పాపం అతని ఖాతాలోనే రాసి, అక్కడికక్కడే మింగేస్తుంది దయ్యం. ఎంత కరువులో ఉన్న దయ్యమైనా రోజూ ఆ ఎండుచేప లాంటి మనిషినే తినాలా? దానికి నోరు చేదెక్కదా?

దారి తెలియక అక్కడే తచ్చాడుతోందేమో. నేను చెబుతాను. బాపట్ల దగ్గర సముద్రంలో కలిసే నల్లమడ వాగులో దూరాలి. ఎదురీదాలి. గుర్రపుడెక్క అడ్డం వస్తుంది, ఓపిగ్గా పక్కకు తోసుకోవాలి. పైకి పోగా పోగా ఓగేరు, కుప్పగంజి వాగులు తగులుతాయి. ఎటు తిరిగినా మనవాళ్ళ మిరప, పత్తి చేలే. గట్టు మీద ఒకాయన మందు కొట్టే తైవాన్ పంపు కడుగుతుంటాడు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి పూతంతా నాకేసినప్పటి నుంచీ ఆయనకు నిద్రలేదు. పురుగుమందుల కొట్టువాడు ఏ సీసా చేతిలో పెడితే అది డ్రమ్ములో కలిపి కొట్టడమే. పంపు కడిగిన నీళ్ళు వాగులోకి. ఖాళీ సీసా కూడా వాగులోకే. మన దయ్యం ఆ సీసా పట్టుకుని, ఎర్ర త్రికోణం, దాని పైన పుర్రె బొమ్మ చూసి, ఎవరో మన చుట్టాల కంపెనీలా ఉందే అనుకుంటుంది.

ఆ రైతును తినమని నేననను. ఆయన అప్పుల పుస్తకం తిరగేస్తే దయ్యమే కళ్ళు తుడుచుకుని వెనక్కి పోతుంది. ఇంకాస్త పైకి, గుంటూరు రమ్మంటాను. సీసా అమ్మిన కొట్టు ముందు ఆగమంటాను. పురుగును కళ్ళతో చూడకుండానే, ఫోన్లో ఆకు ఫొటో చూసి, మూడు మందులు చీటీ మీద రాసిచ్చిన మహావైద్యుడు అక్కడే ఉంటాడు. అయితే దయ్యం వచ్చేసరికి కొట్టు మూసి ఉండొచ్చు. టార్గెట్ దాటించినందుకు కంపెనీవాళ్ళు ఆయన్ని బ్యాంకాక్ పంపి ఉంటారు. అక్కడి సముద్రంలో మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఫొటోలు దిగుతుంటాడు. అక్కడి దయ్యాలక్కూడా, చూశారుగా, ఆయన కనపడడు.

ఈ కథ రాయండయ్యా అంటే ఒక కుర్ర రచయిత, "అందులో అట్మాస్ఫియర్ రాదండీ మాస్టారూ" అన్నాడు. మందు కొట్టిన చేలో సాయంత్రం పూట ఒక గంట నిలబడు నాయనా, వాతావరణమేమిటో నీ ముక్కుకే తెలుస్తుంది.

పోనీ, భయపెట్టిన సంగతే చూద్దాం. సముద్రంలో ఏదో ఉంది, మనల్ని తినడానికి వస్తోంది అని చెబితే జనం దానికి దణ్ణం పెట్టరు. కర్ర తీసుకుంటారు. పీటర్ బెంచ్లీ 1974లో 'జాస్' నవల రాశాడు, మరుసటి ఏడాదే స్పీల్‌బర్గ్ సినిమా తీశాడు. అమెరికాలో సొరచేపను చంపి పక్కన నిలబడి ఫొటో దిగడం మగతనమైపోయింది. బెంచ్లీ తర్వాతి జీవితమంతా సొరల రక్షణ కోసం తిరిగాడు, ఇప్పుడైతే ఆ పుస్తకం రాయలేనని చెప్పుకున్నాడు. 1970 తర్వాత యాభై ఏళ్ళలో నడిసముద్రపు సొరలు, టేకు చేపలు 71 శాతం తగ్గిపోయాయని 2021లో శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. చంపింది సినిమా కాదు, వలలు. కానీ చచ్చేవాటి మీద జాలి పుట్టకుండా చూసుకునే పని ఆ సినిమా బాగానే చేసింది.

నిజమైన భయానకం కావాలా? జనవరి నుంచి మార్చి దాకా సూర్యలంక ఇసుక మీద పొద్దున్నే నడవండి. గుడ్లు పెట్టడానికి వస్తూ దారిలో చచ్చిన ఆలివ్ రిడ్లీ తాబేలు పడి ఉంటుంది. కళ్ళు ఉబ్బి, మెడ చాపి. కుక్కలు అప్పటికే ఒక పక్క తిని ఉంటాయి. ఏ భూతమూ పీక నులమలేదు. తాబేలు ఊపిరికి పైకి రావాలి. గంటల తరబడి ఈడ్చే ట్రాలు వలలో ఇరుక్కుంటే రాలేదు. నీళ్ళలో బతికే జీవి నీళ్ళలో మునిగి చస్తుంది. 1972 వన్యప్రాణి చట్టంలో పులికి ఎంత రక్షణో దీనికీ అంతే, కాగితం మీద. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేట చెయ్యకూడదన్న నిబంధన కూడా ఉంది, అదీ కాగితం మీదే.

వలకు తాబేలు తప్పించుకునే తలుపు పెట్టొచ్చు. టెడ్ అంటారు. ఇనప చట్రం, పైన ఒక కంత. మన కొచ్చిలోని కేంద్ర సంస్థే మన వలలకు సరిపడేట్టు తయారు చేసి పెట్టింది. బిగిస్తే నాలుగు రొయ్యలు జారిపోతాయని బోటు యజమానులు బిగించలేదు. ఆ తలుపు లేని వలల రొయ్య కొనబోమని అమెరికా 1989లోనే చట్టం చేసుకుంది. 2019లో మన సముద్రపు రొయ్యను వద్దు పొమ్మంది. అప్పుడు కదిలారు. మీటింగులు, శిక్షణలు, పంపిణీలు. అంతవరకూ ఇరవై ముప్ఫై ఏళ్ళపాటు తాబేలు శవాలు కదిలించలేని మనుషుల్ని ఒక ఆగిపోయిన ఆర్డరు కదిలించింది. వాళ్ళు భయపడేది దేనికో ఇప్పటికైనా అర్థమైందా కథకులూ? వెయ్యి పడగల జలభూతానికి కాదు. వాపసొచ్చిన కంటెయినరుకు.

కోర్టుకూ అంత భయపడరు. తీరం వెంబడి రొయ్యల చెరువులు తీసెయ్యమని 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఎన్ని చెరువులు పూడ్చారో, ఎన్ని తవ్వారో ఒంగోలు నుంచి చీరాల వెళ్ళే దారిలో కిటికీ పక్కన కూర్చుని చూసుకోండి.

పల్లెకారుడికి మాత్రం సముద్రం గురించి మన పుస్తకం చెప్పాలట. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన తీరానికి భయం నేర్పడం! గంగమ్మకు మొక్కకుండా పడవ దింపనివాడికి భక్తి నేర్పడం! వల కన్ను ఎంత చిన్నదుంటే చేపపిల్లలకు అంత చేటు అన్న సంగతి మీద 2020 డిసెంబరులో వాడరేవు, కఠారివారిపాలెం మనుషులు తలలు పగలగొట్టుకునేదాకా వెళ్ళారు. ఎవరి పక్షం న్యాయమో అలా ఉంచండి, అక్కడ సముద్ర రక్షణంటే కడుపు సంగతి. ఆ గొడవ మీద ఒక్కడూ కథ రాయడు. అందులో భూతం లేదుగా.

మరో చిక్కు కూడా ఉంది, రచయితలు గమనించినట్టు లేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకోవాలని మరబోట్లన్నీ ఒడ్డెక్కుతాయి. ఆ 61 రోజులూ మీ దయ్యానికి సగం కంచం ఖాళీ. ఆకలికి తట్టుకోలేక నేను చెప్పిన దారే పడుతుందనుకుందాం. మే నెలలో నల్లమడలో ఈదేటన్ని నీళ్ళుండవు, పాక్కుంటూ పోవాలి. చేలల్లో మిరప కట్టె పీకేసి ఉంటారు. పడుతూ లేస్తూ గుంటూరు మిర్చి యార్డు దాకా వెళ్తే గేటుకు వేసవి సెలవుల నోటీసు అంటించి ఉంటుంది. కొట్టాయన ఎటూ బ్యాంకాక్ నుంచి రాలేదు.