మాట లేని పాట విన్నదాన్ని

నేను వాల్వుల రేడియోను. స్విచ్ వేయగానే పలకను. లోపల వాల్వులు ఎర్రబడి వేడెక్కాకే గొంతు విప్పుతాను. హైదరాబాదులో కొని, బస్సు మీద పటాన్‌చెరు దాటించి, లక్డారం తెచ్చారు నన్ను. రేడియో వినడానికి పోస్టాఫీసులో లైసెన్సు కట్టే రోజులవి. నా ముల్లు ఎక్కువగా 738 మీదే నిలిచేది. అది హైదరాబాదు ఎ కేంద్రం.

ఊరి పక్కన క్వారీలు, క్రషర్లు వచ్చాక పగటిపూట నాకు గడ్డుకాలమే. మోటార్ల కరకర అంతా మీడియం వేవ్‌లో పడేది. బ్లాస్టింగ్ జరిగితే గోడతోపాటు నా వాల్వులూ అదిరేవి. కంకర దుమ్ము స్పీకరు గుడ్డ నిండా పట్టేది. రాత్రి క్రషర్లు ఆగితే మాత్రం దూరపు స్టేషన్లు కూడా తేటగా అందేవి. పగలు మీడియం వేవ్‌ను మింగేసే పొర ఒకటి ఆకాశంలో ఉంటుంది, చీకటి పడితే అది కరిగిపోతుంది. వైణికుడు ఈమని శంకరశాస్త్రి నాకు పరిచయమైంది అలాంటి రాత్రుల్లోనే.

ఆయన 1922లో ద్రాక్షారామంలో పుట్టాడు. తండ్రి అచ్యుతరామశాస్త్రి పేరున్న వైణికుడు. ఇంటి విద్య చేతికొచ్చాక శంకరశాస్త్రి చేరింది మద్రాసు జెమినీ స్టూడియోలో. సాలూరి రాజేశ్వరరావు ‘చంద్రలేఖ’కు బాణీలు కట్టిన చోటు అది. 1951లో ‘సంసార్’, 1952లో ఆర్.కె. నారాయణ్ నవల మీద జెమినీ వాసన్ తీసిన ‘మిస్టర్ సంపత్’, 1954లో ‘బహుత్ దిన్ హుయే’... ఈ హిందీ సినిమాలకు సంగీతం ఇచ్చిన వాళ్లలో ఈ గోదావరి జిల్లా వైణికుడొకడు. ఈ సంగతి మనవాళ్లలో ఎంతమంది చెప్పుకుంటారు?

సినిమాలో సంగీతానికి గడియారం కాపలా. బొమ్మ ఎంతసేపుంటే అంతసేపే వాయించాలి. పాటైతే 78 తిరుగుళ్ల రికార్డులో ఒక పక్కన పట్టేంత. చెప్పదలచుకున్నది క్లుప్తంగా, గురి తప్పకుండా చెప్పడం అక్కడ అలవాటవుతుంది. ఆ అలవాటుతోనే ఆయన ఆకాశవాణికి వచ్చాడు, ముందు మద్రాసుకు, తర్వాత ఢిల్లీ వాద్యబృందానికి. ఆ వాద్యబృందం 1952లో మొదలైంది. దాన్ని నడిపించిన రవిశంకరే ‘పథేర్ పాంచాలీ’కి సంగీతం కట్టాడు. అంటే సినిమా, శాస్త్రీయం అన్న గోడ అప్పటికే పలచబడింది. శంకరశాస్త్రి ఆ గోడకు రెండువైపులా పూర్తిగా బతికినవాడు.

వాద్యబృందానికి రాయడం ఎంత కష్టమో వింటేనే తెలుస్తుంది. మన రాగంలో స్వరం ఒక్కచోట నిలబడి ఉండదు, ఊగుతుంది, జారుతుంది. ఆయన వీణ మీద ఒక్క మీటుకు తీగను పక్కకు లాగి నాలుగైదు స్వరాలు పలికించేవాడు. ఒక్కడు చేస్తే అది మనోధర్మం. వీణ, వేణువు, వయొలిన్, సితార్, సరోద్ పట్టుకుని కూర్చున్న అంతమంది ఆ గమకాన్ని ఒకే తూకంతో పలకాలంటే? కాగితం మీది స్వరం చాలదు. కొందరిది కర్ణాటక బాణీ, కొందరిది హిందుస్తానీ. ఎవరి వాద్యానికి ఏ స్థాయి నప్పుతుందో చూసి, బరువైన గమకం కొందరికిచ్చి, మిగతావాళ్లకు దాని చుట్టూ తేలిక నడకలిచ్చి కట్టాలి. పాశ్చాత్యుల హార్మొనీని అరువు తెచ్చుకోకుండా, రాగం చెడకుండా నిండుదనం తేవాలి. ఎవరెస్టు ఎక్కిన భారతీయుల మీద ఆయన కట్టిన ‘ఆదర్శ శిఖరారోహణం’లో పాడే గొంతు లేదు, చూసే బొమ్మా లేదు. కొండను వాద్యాలే కట్టాలి, వాద్యాలే ఎక్కాలి. నా దృష్టిలో ఆయన సినిమా పనికంటే ఇదే పెద్దది.

అలా వాద్యబృందం వస్తున్న ఓ రాత్రి మా ఇంటి మనవడు అడిగాడు.

“తాతా, పాట ఎప్పుడొస్తది?”

“వస్తనే ఉంది గదరా. మాట లేదంతే. సప్పుడు చెయ్యకు, విను.”

పగలంతా క్రషర్ దగ్గర పనిచేసి వచ్చిన చెవులవి. అయినా మంద్రంలో వీణ మోగగానే ఆ పెద్దాయన తల ఎత్తాడు. మీడియం వేవ్‌లో సన్నని పై నాదాలు చాలామటుకు రాలిపోతాయి, వీణ మంద్రం మాత్రం నిండుగా నిలుస్తుంది. నాలాంటి పెట్టెకు శంకరశాస్త్రి వాద్యం అంతగా కుదరడానికి కారణం అదే.

1987లో శంకరశాస్త్రి పోయాడు. శిష్యుడు చిట్టిబాబు అప్పటికే వీణను ఇంటింటికీ చేర్చాడు. మద్రాసు సినిమాలకూ వాయించాడు. గురువు వేసిన బాటే అది.

ఆ తర్వాత నాలో హమ్ మొదలైంది. పటాన్‌చెరు మెకానిక్ కండెన్సరు మార్చి, దుమ్ము దులిపి, “ఇంక పదేండ్లు ఢోకా లేదు” అన్నాడు. ఆయన మాట దక్కింది, పదేళ్లు దాటినా పలుకుతున్నాను. ఆ మనవడిప్పుడు టిప్పర్లకు వే బ్రిడ్జి దగ్గర చీటీలు రాస్తున్నాడు, ఫోన్లో పాత పాటలు వింటాడు. ‘మిస్టర్ సంపత్’ పాటలు అతనికి ఫోన్లో దొరుకుతాయి. వాద్యబృందానికి కట్టినవి మాత్రం ఎవరైనా ప్రసారం చేస్తేనే అతని చెవిన సులువుగా పడతాయి. ఆకాశవాణి వాళ్లు ఒక్క రాత్రి, క్రషర్లు ఆగాక, 738 మీద వాటిని మొదటి నుంచి చివరిదాకా వేయాలి. ఏది వేస్తున్నారో, కట్టినవాడెవరో, ఏ వాద్యం ఎవరు వాయించారో ముందే చెప్పి మరీ వేయాలి.