నేను కాన్పూరు సరుకును

పుట్టింది కాన్పూరు ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో. బోరు పాయింట్ 32, గొట్టం మూడంగుళాలు, బరువు దాదాపు 700 గ్రాములు, కడుపులో ఆరు తూటాలు. నా పోలికలన్నీ ఇంగ్లండు వెబ్లీ రివాల్వరువే. మీట నొక్కితే గొట్టం ముందుకు వంగుతుంది, చక్రం మధ్యలోంచి నక్షత్రం లాంటి బిళ్ళ పైకి లేచి కాల్చిన తొడుగులన్నిటినీ ఒక్కసారే బయటికి తోసేస్తుంది.

నన్ను కొన్నాయనది పుట్టపర్తి పక్క పల్లె. వేరుశెనగ కాయల వ్యాపారం. వాన మొహం చాటేసే సీమలో పంట చేతికొచ్చిన ఏడాది రొక్కం ఒక్కసారే ఆడుతుంది. పొద్దుగూకినాక ఆ సంచితో బండిమీద రావాలంటే ఆయనకు గుబులు. అనంతపురం కలెక్టరాఫీసులో ఇచ్చిన లైసెన్సు దరఖాస్తులో కారణమని రాసిందీ అదే. రాయనిది ఇంకొకటుంది. నాటు బాంబులూ వేటకొడవళ్ళూ ఏలిన కాలం చూసిన మనిషి. తన నడుముకు ఒకటుందని ఊరికి తెలిస్తే చాలనుకున్నాడు.

అంగడిలో ఆయన అడిగింది నాకింకా గుర్తే. "చిన్నది చూపీప్పా, నడుము కాడ కనపడకూడదు. బోరు మాత్రం పెద్దదుండాల."

అంగడాయన నవ్వాడు. "అన్నా, 380, 455 తూటాలు పట్టే రివాల్వర్లు నిషేధిత బోరు. కలెక్టరు సారు చేతిలో లేదు, ఢిల్లీలో హోం శాఖ ఒప్పుకోవాల. మనకు 32తోనే సరి."

చట్టం అడ్డు రాకపోయినా ఆ కోరిక తీరేది కాదు. వెబ్లీ 455 తూటా ఒక్కొక్కటి 17 గ్రాముల సీసం. నాది ఆరు గ్రాముల పైచిలుకు. తూటా ఎంత ఊపుతో ముందుకు పోతే తుపాకీ అంత ఊపుతో వెనక్కి తన్నుతుంది. ఆ తన్ను మింగడానికే పాత వెబ్లీ కిలో బరువుండేది. ఒళ్ళు చిన్నది చేసి బోరు పెద్దది పెడితే మొదటి దెబ్బకే మణికట్టు ఎగిరి రెండో గుండు చెట్టు కొమ్మకు తగులుతుంది. గొట్టం పొట్టిదైతే మందు పూర్తిగా కాలకముందే తూటా బయటపడుతుంది, వేగమూ తగ్గుతుంది.

పక్కనే 2014లో వచ్చిన నిర్భీక్ రివాల్వరుంది. టైటానియం మిశ్రమం, అర కిలో. ఎత్తి చూశాడు, ధర లక్ష దాటిందనగానే దించేశాడు. చేయి నామీదికొచ్చింది.

మొదట్లో రోజూ పంచె మడతల్లో నేనే. మే నెల ఎండకు ఆయన చెమటంతా నా ఒంటిమీదే; రెండు రోజులు తుడవకపోతే పిడి కింద ఎర్రటి తుప్పు. వంగితే నా వెనక ముక్కు పొట్టలో గుచ్చుకునేది. దర్శనానికి ప్రశాంతి నిలయం ఆశ్రమానికి పోయిన రోజుల్లో నేను ఇంటి బీరువాలోనే. ఒకసారి పెండ్లిలో బావమరిది పట్టుబట్టాడు: "గాల్లోకి ఒకటి పేల్చు బావా!" 2019 సవరణ తరువాత అలా పేలిస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ అని మా ఆయనకు తెలుసు. "నీ సంబరానికి నేను జైలుకు పోవాల్నా?" అన్నాడు.

2022లో పుట్టపర్తే జిల్లా కేంద్రమైంది. 2024 మార్చి 16న ఎన్నికల కోడ్ రాగానే నన్ను అప్పగించమని స్టేషను నుంచి కబురు. కానిస్టేబుల్ నన్ను వంచి, ఆరు గదుల్లోంచీ అవతలి వెలుతురు కనపడేదాకా చూసి, లైసెన్సు నంబరు రాసిన చీటీ దారంతో కట్టాడు. జంట గొట్టాల పన్నెండు బోరు తుపాకుల పక్కన పడుకున్నాను. జూన్‌లో కోడ్ ఎత్తేసినా నన్ను ఇంటికి తెచ్చుకోవడానికి ఆయన తొందరపడలేదు. వ్యాపారం డబ్బులన్నీ ఫోన్లోనే పడుతున్నాయి మరి.

ఇప్పుడు లైసెన్సు రెన్యువలు దగ్గరపడింది. బెంగళూరు నుంచి కొడుకు ఫోను: "నాయనా, సంచీలే లేవు గదా, ఇంక దాన్నెందుకు? ఇచ్చేయ్."

"ఉండనీలే అబ్బీ."

నన్నెవరూ అడగలేదు గానీ, నేనూ కొడుకు పక్షమే. బోరు గురించి అంతసేపు మాట్లాడినాయన ఏ భయానికి, ఎన్నాళ్ళకు అని తనను తాను అడగలేదు. భయం పోయింది, నేను పోలేదు. నూనె పెడితే ఆయన మనవళ్ళ కాలానికీ ఉంటాను. బీరువా తాళం ఎక్కడుందో, సెలవులకొచ్చిన పిల్లలు ఏ గదిలో ఆడుకుంటున్నారో రోజూ చూసుకోవాల్సింది మాత్రం ఆయనే.