గెలాక్సీలోనైనా మేకలే పట్టండి

పులి-మేక ఆటలో పులులు మూడే, మేకలు పదిహేను. జగిత్యాల జిల్లా బీర్పూర్‌లో ఏ అరుగు మీదనైనా సుద్దముక్కతో గీత గీసి చూడండి, పిల్లలంతా పులుల కోసమే కొట్లాడతారు. పులి దుముకుతుంది, మేకను తింటుంది, చుట్టూ నిలబడ్డవాళ్లు కేక వేస్తారు. మేక ఎవర్నీ తినలేదు. అయినా పులులకు కదిలే చోటు లేకుండా కట్టేస్తే ఆట మేకలదే. కంప్యూటర్‌తో అంతరిక్ష సామ్రాజ్యాల ఆట ఆడబోయేవాళ్లకు నేను చెప్పే సలహా కూడా ఇదే. అక్కడ కూడా మేకలే పట్టండి. మొదటి ఏడాది నుంచి చివరి ఏడాది దాకా యుద్ధనౌక ఒక్కటి కూడా కట్టకండి.

ఏ గైడు తెరిచినా దీనికి పూర్తిగా ఉల్టా రాసి ఉంటుంది. ముందు నౌకాదళం, ఆ తర్వాతే ఏదైనా అంటారు. అనుభవమున్న ఆటగాళ్లు నా మాట వింటే తల పట్టుకుంటారు. పట్టుకోనివ్వండి.

నేను చెబుతున్నది 1993లో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ ఓరియన్’ గురించి. స్టీవ్ బార్సియా ఆధ్వర్యంలో సిమ్‌టెక్స్ తయారుచేసింది, మైక్రోప్రోస్ విడుదల చేసింది. ఆ ఏడాదే అలన్ ఎమ్రిచ్ అనే రచయిత ‘కంప్యూటర్ గేమింగ్ వరల్డ్’ పత్రికలో దీన్ని పరిచయం చేస్తూ ఈ కోవ ఆటలకు ‘ఫోర్ ఎక్స్’ అని పేరు పెట్టాడు. వెతకడం, విస్తరించడం, ఉన్నదంతా వాడుకోవడం, ఎదుటివాణ్ణి తుడిచిపెట్టడం – ఆ నాలుగు ‘ఎక్స్’లూ ఈ నాలుగు పనులే. మొదటి మూడూ చేయండి. నాలుగోది ముట్టుకోకుండా గెలిచే దారిని ఆట తయారుచేసినవాళ్లే అందులో పెట్టారు, దాని సంగతి చివర్లో చెబుతాను. 2016లో వచ్చిన ‘స్టెల్లారిస్’ లాంటి కొత్త ఆటల హంగు వేరు. కానీ నేర్చుకోవడానికి పాతదే మంచిది. దుబాయ్ నుంచి అన్న తెచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో కూడా, పాత డాస్ ఆటలను నడిపే డాస్‌బాక్స్ వేసుకుంటే నడుస్తుంది. ఇరవై నాలుగు నక్షత్రాల చిన్న పటం నుంచి నూట ఎనిమిది నక్షత్రాల పటం దాకా ఉంటుంది. తీరిక లేనివాళ్లు చిన్నదే తీసుకోండి.

పటం చిన్నదైనా ప్రత్యర్థులను మాత్రం ఐదుగురినీ పెట్టుకోండి. కొత్తవాళ్లు ఒకరితోనో ఇద్దరితోనో మొదలుపెట్టాలని అందరూ చెబుతారు. ఒక్కడే పొరుగువాడుంటే వాడికి మీరు తప్ప వేరే పని ఉండదు. ఐదుగురుంటే వాళ్లలో వాళ్లకు తగాదాలుంటాయి, బేరాలుంటాయి, మీతో అవసరం పడుతుంది. నౌకాదళం లేనివాడికి ఆ అవసరమే బలం.

ఇక జాతి ఎంపిక. పది జాతులున్నాయి. పరిశోధనలో ముందుండే సైలాన్లను తీసుకోమని గైడ్లన్నీ ఒక్క గొంతుతో చెబుతాయి. నా మాట విని సక్రాలను తీసుకోండి. బల్లి రూపం, చదువులో గొప్ప లేదు, ఫ్యాక్టరీల్లో గొప్ప లేదు, మాటకారితనం అసలే లేదు. జనాభా మాత్రం ఇట్టే పెరుగుతుంది. ఈ ఆటలో ఓట్లు జనాభాను బట్టే వస్తాయి.

ఆట 2300వ సంవత్సరంలో మొదలవుతుంది. మీ చేతిలో ఒక గ్రహం, దారి వెతికే రెండు స్కౌట్ నౌకలు, ఒక కాలనీ నౌక ఉంటాయి. ప్రతి గ్రహానికీ ఐదు ఖర్చు మీటలు – నౌకలు, రక్షణ, పరిశ్రమ, పర్యావరణం, సాంకేతికం. నౌకల మీటను కాలనీ నౌక కోసమో స్కౌట్ కోసమో తప్ప ముట్టుకోకండి. పరిశ్రమ నిండగానే మిగిలినదంతా రక్షణకు మళ్లించండి. అంటే క్షిపణి స్థావరాలు. రాజధానిలో యాభై స్థావరాలు పోగేసి కొత్త కాలనీని బోడిగా వదిలేయడం అందరూ చేసే పనే. దానివల్లే ఆటలు పోతాయి. పులి మేకను తినాలంటే మేక వెనక ఒక ఖాళీ చోటు ఉండాలి. స్థావరం లేని కాలనీయే ఆ ఖాళీ. కంప్యూటర్ ఊరికే తిరగదు, ఎక్కడ రక్షణ పలుచగా ఉందో అక్కడికే నౌకలు పంపుతుంది. తన బలం చాలదని తోచిన గ్రహం ముందు వెనక్కి తిరిగిపోతుంది.

జగిత్యాల కోట చూసినవాళ్లకు ఈ సంగతి తొందరగా ఎక్కుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి ఇంజనీర్ల చేత కట్టించారని చెప్పే ఆ కోట పైనుంచి చూస్తే నక్షత్రంలా ఉంటుంది, చుట్టూ కందకం. గోడ మొనలు బయటికి పొడుచుకు రావడానికి కారణముంది. ఒక మొన కిందికి శత్రువు చేరితే పక్క మొన మీది ఫిరంగి వాణ్ణి చూస్తుంది, దాక్కునే మూల ఎక్కడా మిగలదు. ఆటలో మాత్రం ఒక గ్రహం మీది స్థావరం పక్క గ్రహాన్ని కాపాడదు. అందుకే ఏ గ్రహానికి ఆ గ్రహమే కోట కావాలి. పరిశోధనలో బలక్షేత్రాల విభాగానికి పెద్దపీట వేయండి, గ్రహమంతా కప్పే కవచాలు అక్కడే దొరుకుతాయి. ఆ తర్వాత గ్రహశాస్త్రం. పనికిరాని నేలను సాగులోకి తెచ్చేదీ, జనాభా హద్దు పెంచేదీ అదే. ఇంధనం సంగతి కాలనీ నౌకలకు దూరం చాలనప్పుడు చూసుకోవచ్చు. ఆయుధాల విభాగంలో క్షిపణుల మేరకు చాలు, లేజర్ల జోలికి పోకండి.

ఇప్పుడు చెప్పబోయేదానికే అందరూ నాతో గొడవ పడతారు. మీ సాంకేతికాన్ని బలహీనుడికి ఊరికే ఇవ్వండి.

ఈ ఆటలో ఏ జాతికీ అన్ని విద్యలూ దొరకవు. ప్రతి ఆటలోనూ మీ పరిశోధన జాబితాలో కొన్ని ఖాళీలు ఉంటాయి, ఒక్కోసారి మీకు అత్యవసరమైనదే ఉండదు. దాన్ని మార్పిడిలో తీసుకోవాలి, దొంగిలించాలి, లేదా యుద్ధంలో గుంజుకోవాలి. మార్పిడి చేసేవాళ్లు కూడా బలవంతుడితోనే చేస్తారు, వాడి దగ్గర సరుకుంటుంది కనుక. మీరు పటంలో అందరికంటే చితికిపోయినవాణ్ణి చూడండి. మూడు గ్రహాలతో మూలన పడి ఉంటాడు. వాడికి కవచం విద్య ఇవ్వండి, క్షిపణి విద్య ఇవ్వండి, బదులు ఏమీ అడగకండి. వాడు కూలిపోతే వాడి గ్రహాలూ, జనమూ మింగినవాడివైపు పోతాయి, ఆ జనంతో పాటే ఓట్లూ పోతాయి. ఒక మేక పోయిన చోట పులికి రెండు దారులు తెరుచుకుంటాయి. బలహీనుణ్ణి నిలబెట్టడానికి మీరు పెట్టే ఖర్చు మీ సరిహద్దులో స్థావరాలకు పెట్టేదానికంటే తక్కువ.

వాణిజ్య ఒప్పందాలు అందరితోనూ చేసుకోండి. మొదటి కొన్నేళ్లు నష్టమే చూపిస్తుంది, అది చూసి చాలామంది తెంపేసుకుంటారు. ఓపిక పట్టండి. ఏటేటా కొద్దికొద్దిగా పెరిగి లాభంలోకి వస్తుంది. యుద్ధం వచ్చిందా, ఇన్నేళ్లు పెంచినదంతా పోయి మళ్లీ నష్టం నుంచి మొదలు. గూఢచారులను బయటికి పంపకండి. పట్టుబడితే స్నేహం దెబ్బతింటుంది. ఇంటి భద్రతకు మాత్రం కొంత పెట్టండి, గూఢచర్యంలో ఆరితేరిన డార్లాక్ జాతి పొరుగున ఉంటే ఇంకొంత ఎక్కువ.

ఎదుటి రాజుల స్వభావాలు ఆట మొదట్లోనే ఖాయమవుతాయి. ఒకడు పరాయివాడంటేనే పడనివాడు, ఒకడు క్రూరుడు, ఒకడు దూకుడు మనిషి, ఒకడు నిలకడ లేనివాడు, ఒకడు మాట మీద నిలబడేవాడు, ఒకడు శాంతిపరుడు. నిలకడ లేనివాడు ఏ కారణమూ లేకుండానే యుద్ధం ప్రకటించవచ్చు. అప్పుడు కూడా మీరు ఏమీ చేయకండి. స్థావరాలున్న చోటికి వస్తాడు, నౌకలు పోగొట్టుకుంటాడు, కొన్నేళ్లకు తనే సంధి అడుగుతాడు. వెంటనే ఒప్పుకోండి. పరిహారం అడగకండి.

ఒక సందర్భం చెబుతాను, ఇది దాదాపు ప్రతి ఆటలోనూ వస్తుంది. మర్షాన్ జాతితో మీకు దాడి చేసుకోకూడదన్న ఒప్పందం ఉంటుంది. వాళ్ల నౌకలన్నీ పటానికి అటు చివర బుల్రాతి అనే ఎలుగుల జాతి మీదికి పోయి ఉంటాయి. మీ గ్రహానికి మూడు పార్సెక్కుల దూరంలో వాళ్ల పచ్చటి గ్రహం, స్థావరం ఒక్కటీ లేదు. మీ దగ్గర కిక్కిరిసిన జనాభా ఉంది. రవాణా నౌకల్లో నలభై యూనిట్ల జనాన్ని పంపితే అది మీదే. కర్సర్ దాని మీద పెట్టగానే లెక్కలన్నీ కళ్లముందుంటాయి, అడ్డుపడేవాడు ఎవడూ లేడు. పంపకండి. ఎదుట ఉన్నది కంప్యూటరే, దానికి నొప్పి లేదు, నిజమే. కానీ మాట ఇచ్చింది మీరు. మాట తప్పితే ఎదుటివాడు గుర్తుపెట్టుకుంటాడు, మిగతావాళ్లు కూడా మిమ్మల్ని అదే కన్నుతో చూస్తారు. ఆ లెక్క లేకపోయినా నేను ఇదే చెబుతాను. ఎవరూ చూడని రాత్రి, ఒక యంత్రానికి ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం ఈ ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఎత్తు.

అందుకే పాత సేవ్‌ను మళ్లీ తెరవడం కూడా వద్దు. కాలనీ పోయిందా, పోయినట్టే ఆడండి.

ఓరియన్ గ్రహాన్ని ‘గార్డియన్’ అనే మహానౌక కాపలా కాస్తుంది. దాన్ని కూల్చాలంటే పెద్ద దళం కావాలి, మీకు దళమే లేదు. ఆట పేరే ఆ గ్రహం మీద ఉన్నా సరే, వదిలేయండి.

చివరగా గెలాక్సీ మండలి. నక్షత్రాలు చాలావరకు నిండాక పాతికేళ్లకొకసారి కూర్చుంటుంది. జనాభాలో ముందున్న ఇద్దరు పోటీలో ఉంటారు, మిగతావాళ్లు తమ స్నేహాన్ని బట్టి ఓటు వేస్తారు, లేదా ఎవరికీ వేయరు. మూడింట రెండు వంతులు వచ్చినవాడే చక్రవర్తి. మీరు సక్రాలు గనుక పోటీలో ఉండే అవకాశం ఎక్కువ. మూలన పడి ఉండి మీ కవచంతో బతికి బయటపడ్డవాడి పేరు పిలిచినప్పుడు తెర వైపే చూడండి. మొదటిసారి చాలకపోవచ్చు. మళ్లీ పాతికేళ్లు వాణిజ్యం, కానుకలు, కవచాలు. మీరు పోటీలో లేని ఏడాది, ఎవడి నౌకలు ఎప్పుడూ మీ ఆకాశంలోకి రాలేదో వాడికి మీ ఓట్లన్నీ వేయండి. వాడే గెలిస్తే తీర్పును కాదనే మీట కూడా ఆట మీకు ఇస్తుంది. కాదంటే మిగతావాళ్లంతా ఒక్కటై మీ మీదికి వస్తారు, మీ స్థావరాలు బలంగా ఉంటే బహుశా కొన్నాళ్లు తట్టుకుంటాయి కూడా. ఆ మీట నొక్కకండి. ఒప్పుకోండి, ఆట అయిపోనివ్వండి.