తాళంచెవి ఎవరి దగ్గరుంది?

మా రోజుల్లో స్టూడియో పెట్టేవాడు కెమెరాతో పాటే ఇనప బీరువా కూడా కొనేవాడు. దానికి తాళం ఉండేది, ఆ తాళానికో మనిషి ఉండేవాడు. టేపు బయటికెళ్తే పుస్తకంలో రాయాలి, తిరిగొస్తే కొట్టేయాలి. ఓనరు కొడుకైనా సరే, సంతకం పెట్టందే టేపు కదలదు. ఇప్పుడు రాయ్‌పూర్‌లో ఏ చిన్న స్టూడియోకెళ్ళినా లక్షల ఖరీదు చేసే కెమెరాలు, డ్రోన్లు. "పోయినేడాది తీసిన పెళ్ళి ఎక్కడుందిరా?" అంటే "ఆ నల్ల డిస్కులో ఉంది బాబాయ్" అంటాడు కుర్రాడు. సొరుగు లాగితే అన్నీ నల్ల డిస్కులే. ఒళ్ళు మండదూ?

ఈ ఊళ్ళో మనవాళ్ళు నిన్న మొన్న వచ్చినవాళ్ళు కారు. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కి రైలు దారి 1931లో పూర్తయింది. రైల్వేను నమ్ముకుని వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. వాళ్ళ పెళ్ళిళ్ళు, ఉపనయనాలు తీస్తూనే మా తరం ఈ పని నేర్చుకుంది. ఇక ఇక్కడి ఛత్తీస్‌గఢీ భాషలో తొలి సినిమా 'కహి దేబే సందేస్'ని మను నాయక్ 1965లోనే తీశారు. సరిగ్గా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడే వేళకి, 2000లో, సతీశ్ జైన్ 'మోర్ ఛైంహా భుంయా' వచ్చి ఊపు తెచ్చింది. ఆ తర్వాత ఊళ్ళో పాటల ఆల్బమ్‌లు, డాక్యుమెంటరీలు పెరిగాయి. పండవానీ పాడేవాళ్ళు, పంథీ ఆడేవాళ్ళు మా కెమెరాల ముందుకొచ్చారు. వాళ్ళలో కొందరు ఇవాళ లేరు. ఆ గొంతులు మా దగ్గరే ఉన్నాయి. స్టోరేజీ కొనడం బల్లలూ కుర్చీలూ కొనడం లాంటిది కాదని నేను మొత్తుకునేది అందుకే.

మేం టేపుని ఎలా చూసుకున్నామో చెప్తాను. మినీ డీవీ టేపు వెనక అంచున చిన్న మీట ఉంటుంది. దాన్ని 'సేవ్' వైపు జరిపితే దాని మీద మళ్ళీ రికార్డు పడదు. కెమెరాలోంచి టేపు తీసిన చేత్తోనే ఆ మీట జరిపేవాళ్ళం, డబ్బాలో పెట్టడం ఆ తర్వాతే. వీహెచ్ఎస్ అయితే వెనకున్న ప్లాస్టిక్ నాలుకని పుటుక్కున విరిచేసేవాళ్ళం. తెల్ల లేబుల్ మీద వధూవరుల పేర్లు, ముహూర్తం తేదీ, టేపు నంబరు బాల్ పెన్నుతో రాసేవాళ్ళం. జూలై వచ్చిందంటే బూజు పట్టకుండా సిలికా జెల్ పొట్లాలు మార్చి, చాన్నాళ్ళుగా కదలని టేపుల్ని ఒకసారి చివరిదాకా తిప్పిపెట్టేవాళ్ళం. ఇవన్నీ చెయ్యమని ఏ యంత్రమూ మాకు గుర్తు చెయ్యలేదు.

ఇప్పటి పిల్లల బరువు పెద్దదే, కాదనను. మినీ డీవీలో గంట షూటింగుకి 13 జీబీ. ఇవాళ 4కేలో 100 మెగాబిట్లకి తీస్తే గంటకి 45 జీబీ. అదే ప్రోరెస్ 422 హెచ్‌క్యూలో సెకనుకి 25 ఫ్రేములతో తీస్తే గంటకి సుమారు 330 జీబీ. ఇంత సరుకుని సొరుగులో పెట్టలేరు, నెట్‌వర్క్ స్టోరేజీ (నాస్) పెట్టె కొనాల్సిందే. కానీ కొనే తీరు చూడండి. జైస్తంభ్ చౌక్ పక్కన రవి భవన్‌కి వెళ్తారు. రెండే ప్రశ్నలు: ఎన్ని టీబీ? ఎంతకిస్తావు? మా రోజుల్లో టేపుల అర చేయించుకోడానికి వడ్రంగికి కూడా ఇంతకంటే ఎక్కువ ప్రశ్నలు వేసేవాళ్ళం.

మొదట అడగాల్సింది, ఇది నిండితే ఏం చెయ్యాలి అని. రెండు బేల (డిస్కు అరల) పెట్టె చవగ్గా వస్తుంది. నిండిన రోజున ఉన్న రెండు డిస్కుల్నీ తీసి పెద్దవి వెయ్యాలి, లేదా కొత్త పెట్టె కొనాలి. అదే సైనాలజీ డీఎస్1522 ప్లస్ లాంటిది తీసుకుంటే అందులో 5 బేలు, తర్వాత రెండు ఎక్స్‌పాన్షన్ యూనిట్లు తగిలిస్తే 15 డిస్కుల దాకా పెరుగుతుంది. మూడు డిస్కులతో మొదలుపెట్టి పనిని బట్టి పెంచుకోవచ్చు. సొంతంగా జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద పెట్టె కట్టుకునేవాళ్ళకి కూడా 2025 జనవరిలో వచ్చిన ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా డిస్కుల్ని కలిపి కట్టే రెయిడ్ పద్ధతుల్లో ఒకటైన రెయిడ్-జెడ్‌లో ఒక్కొక్క డిస్కే చేర్చుకునే వీలు దొరికింది.

రెండోది, ఏ డిస్కు? పెంకుటింటి కప్పులో పెంకు మీద పెంకు ఎక్కినట్టు ట్రాకు మీద ట్రాకు ఎక్కించి రాసే ఎస్‌ఎంఆర్ డిస్కులుంటాయి. ఒకచోట మార్చాలంటే పక్కవీ తిరగరాయాలి, రెయిడ్ మళ్ళీ కట్టేటప్పుడు చతికిలబడతాయి. నాస్ కోసమని అమ్మిన వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లోనే ఇవి కొన్ని ఉన్నాయని 2020లో బయటపడి గొడవైంది. కాబట్టి ట్రాకుల్ని విడివిడిగా రాసే సీఎంఆర్ అని రూఢి చేసుకోనిదే డబ్బు కట్టకండి. పెట్టె ఏ డిస్కుల్ని ఒప్పుకుంటుందో కూడా చూసుకోండి. సైనాలజీ 2025 ప్లస్ మోడళ్ళలో బయటి డిస్కులకి అడ్డం పెట్టి, జనం గోలెత్తాక అదే ఏడాది అక్టోబరులో వెనక్కి తగ్గింది.

మూడోది దారి. 1 గిగాబిట్ లైనులో సెకనుకి 110 ఎంబీ చుట్టూ నడుస్తుంది. ఇందాక చెప్పిన ప్రోరెస్ ఒక్క ధారకే 92 ఎంబీ కావాలి. ఇద్దరు ఎడిటర్లు కూర్చుంటే ఆగి ఆగి నడుస్తుంది. డీఎస్1522 ప్లస్‌లో వచ్చేవి 1 గిగాబిట్ పోర్టులే, 10 గిగాబిట్‌కి కార్డు విడిగా కొనాలి, స్విచ్ కూడా మార్చాలి. ఆ ఖర్చు పెట్టె ధరతో కలిపి లెక్క వేసుకోవాలి.

ఇక మన ఊరి సంగతి. మే నెలలో ఎండ 45 దాటుతుంది. ఉర్లా, సిల్తరా స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల నల్ల దుమ్ము కిటికీ మూసినా లోపలికొస్తుంది. మూల గదిలో ఫ్యాను కూడా లేనిచోట ఈ పెట్టెని పడేస్తారు. నాకు తెలిసిన ఒక స్టూడియోలో నడి వేసవిలో ఒక డిస్కు పోయింది. ఒకటి పోయినా తట్టుకునే రెయిడ్ 5 ఉందిగా అని కొత్తది వేశారు. రాత్రంతా డేటా తిరిగి కడుతుండగా రెండోది పోయింది. ఆ సీజను పెళ్ళిళ్ళన్నీ దాంతోనే పోయాయి. పెద్ద డిస్కులైతే రెండు పోయినా తట్టుకునే రెయిడ్ 6 వెయ్యండి. యూపీఎస్ పెట్టండి, దాని యూఎస్‌బీ తీగ పెట్టెకి తగిలించండి, కరెంటు పోతే పెట్టె తనంతట తానే పద్ధతిగా ఆగుతుంది.

అయినా రెయిడ్ అంటే బ్యాకప్ కాదు. డిస్కు పోతే రెయిడ్ కాపాడుతుంది. దొంగ ఎత్తుకెళ్తే, ఎవరో తెలియక చెరిపేస్తే కాపాడదు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కి తెరిచి ఉంచిన క్యూనాప్ కంపెనీ పెట్టెల్లోకి దూరి ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగింది. అప్పుడు ఏ రెయిడ్ ఆదుకుంటుంది? మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. 2003లో పుణెలో మంటలు లేచి ఎన్నో పాత నైట్రేట్ రీళ్ళు కాలిపోయాయి. ఇవి తెలిసి కూడా ఉన్నదంతా ఒకే గదిలో పెట్టడం ఏం బాధ్యత? ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ చెప్పిన 3-2-1 లెక్క పాటించండి: మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట. భిలాయి 30 కిలోమీటర్లు. చుట్టాలింట్లో ఒక కాపీ ఉంచడం కష్టమేం కాదు.

మా రోజులు మళ్ళీ రావాలని నేననను, టేపుతో మేం పడ్డ అవస్థలు నాకు తెలుసు. కావలసింది అప్పటి పూచీ. పెట్టె కొనే ముందే ఒక మనిషి పేరు గోడ మీద రాయండి. ప్రతి శనివారం డిస్కుల ఆరోగ్యం చూసేది అతనే. నెలకోసారి బ్యాకప్‌లోంచి ఒక పాత ఫైలు వెనక్కి తీసి, తెరుచుకుంటుందో లేదో ఆడించి చూడాల్సింది అతనే. అతనికి దాని కోసం జీతం ఇవ్వండి. ఆ జీతం బరువనిపిస్తే కొన్నాళ్ళు కొత్త లెన్సు మానుకోండి. మీ కెమెరా ముందు నిలబడ్డవాళ్ళు మిమ్మల్ని నమ్మి నిలబడ్డారు.