ముప్పైమూడు సెకన్ల ముచ్చట

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. మన దేశంలో ఆ రేసు జరగడం అదే మొదటిసారి. నేను రేసుకు వెళ్లడమూ అదే మొదటిసారి. అందుకే మా బామ్మర్ది చెప్పినవన్నీ బుద్ధిగా విన్నాను. వాడు చాలా రేసులు చూశాడు, టీవీలో.

"చెవులు పగిలిపోతాయి బావా, దూది పెట్టుకో" అన్నాడు. ఇద్దరం దూది కుక్కుకుని కూర్చున్నాం. బళ్లొచ్చాయి, పోయాయి. ఏమీ వినపడలేదు. దూది తీశాక జ్ఞానోదయమైంది. అవి కరెంటు బళ్లు! ఇంజను మోత లేదు. సన్నటి కూత, అచ్చం మా ఇంటి మిక్సీ మూడో నంబరు మీద తిరిగినట్టు. కాబట్టి మొదటి సలహా: ఏ బళ్ల రేసుకు వెళ్తున్నారో ముందే కనుక్కోండి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో పెట్రోలు బళ్ల రేసయితే దూది కూడా చాలదు, ఇయర్‌ప్లగ్గులే కొనుక్కోవాలి.

రెండోది సీటు. తిన్నని రోడ్డు పక్కన కూర్చుంటే స్పీడు తెలుస్తుందన్నాడు వాడు. నిజమే, స్పీడే తెలుస్తుంది, బండి కనపడదు. మలుపు దగ్గర కూర్చోండి. అక్కడ బ్రేకులు పడతాయి, ఒకడి సందులో ఒకడు దూరతాడు. ఎదురుగా పెద్ద తెర కూడా ఉంటే మీరు అదృష్టవంతులే.

మూడోది లెక్క. ట్రాకు 2.8 కిలోమీటర్లు, మొత్తం 33 చుట్లు. మీ ముందు ఒక్కో బండి చుట్టుకో సెకను మెరుస్తుంది. అంటే ముప్పావుగంట రేసులో మీ అభిమాన వీరుడి దర్శనం 33 సెకన్లు. ఇందులో కిందపడ్డ సమోసా కోసం నేను వంగినప్పుడు ఒకటి పోయింది. టోపీ ఎగిరిపోతే రెండు. "ఆ ఎర్రబండి ఎవరిది" అని బామ్మర్దితో వాదించినంతసేపూ నాలుగు. నాకు దక్కింది 26. ఉన్నవి 22 బళ్లు. అన్నీ గుర్తుపట్టాలనుకోకుండా రెండింటి రంగులు కంఠతా పట్టండి, చాలు.

నాలుగోది రూల్సు. ఒకడు మలుపులో అందర్నీ వదిలి బయటి అంచుకు పోయాడు. "అయ్యో, దారి తప్పాడ్రా!" అని అరిచాను. వెనక సీట్లో కాలేజీ పిల్ల, "అది అటాక్ మోడ్ అంకుల్. అటు పోయి ఆ గీతలు దాటితే కాసేపు 300 కిలోవాట్ల పవర్ 350 అవుతుంది" అంది. ముందు రోజు రాత్రి ఇవన్నీ చదువుకోండి. చదవకపోతే నోరు మూసుకుని తలూపండి.

ఇక ఆ రోజు చుట్టుపక్కల రోడ్లన్నీ మూసేశారు. కారు ఇంట్లో పెట్టి మెట్రోలో వెళ్లి ఖైరతాబాద్‌లో దిగి నడిచాం. ఎండకు టోపీ తప్పదు, దానికి తాడు కూడా ఉండాలి.

రేసయ్యాక ఎవరు గెలిచారో ఇంటికి ఫోన్ చేసి మా ఆవిణ్ణి అడిగాను. "వెర్న్ అండీ, ఫ్రెంచాయన. బ్యాటరీ అడుగంటుతున్నా కాసిడీని చివరిదాకా దాటనివ్వలేదు. మీరు చూళ్లేదూ?" అంది.

ఇంటికొచ్చేసరికి చట్నీకి కొబ్బరి ముక్కలు వేస్తోంది. "ఇంతకీ అంత డబ్బు పోసి ఏం చూసొచ్చారు?" అంటూ మిక్సీ మూడో నంబరు మీద పెట్టింది.

నా తల దానంతటదే ఎడమ నుంచి కుడికి తిరిగింది.